మొద్దు కత్తితో కోసిన కలబంద

సెలూన్ బాబాయికి చిన్నప్పటి నుంచీ ఒక జబ్బుంది. దాని పేరు మొండితనం. దానికి మందు లేదని పిన్ని పెళ్ళయిన నెలలోపే తేల్చేసింది. ఆ వీధిలో పిల్లా పెద్దా అందరికీ ఆయన బాబాయి, ఆయన భార్య పిన్ని. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆయన చెయ్యి పడని తల ఆ వీధిలో లేదు. అలాంటి చేతులకు దద్దుర్లు లేచాయి. ఎలా లేచాయంటే, అదీ ఆ మొండితనం పుణ్యమే.

సెలూన్ వెనక గోడ మీద దురద తీగ పాకింది. మూడేసి ఆకులు, నిగనిగలాడుతూ, చూడ్డానికి ఎంతో బుద్ధిగా ఉంటుంది. దాన్ని ముట్టుకోవద్దని, తీసేవాళ్ళను పిలిపిస్తానని మేనకోడలు చిలక్కి చెప్పినట్టు చెప్పింది. మేనకోడలంటే బాబాయి అక్క కూతురు, రెండు వీధుల అవతల మందుల షాపులో పని చేస్తుంది. "తీగకి భయపడేవాణ్ణి తలలేం కత్తిరిస్తానే!" అని కొట్టిపారేశాడు బాబాయి. ఆదివారం పొద్దున్నే, అంచు విరిగితే పక్కన పెట్టిన పాత గడ్డం కత్తి ఒకటి తీసుకెళ్ళి, గోడంతా గీకి, తీగను ముక్కలు చేసి అవతల పడేశాడు. పక్కవాళ్ళను అడిగితే కొడవలి ఇవ్వరా? ఇస్తారు. కానీ తను నూరని కత్తిని ఆయన నమ్మడు.

పనయ్యాక చేతుల మీద నీళ్ళు పోసుకున్నాడంటే పోసుకున్నాడు. కత్తికి మాత్రం మర్యాదలన్నీ చేశాడు. గుడ్డతో తుడిచి, కుర్చీ పక్కన వేలాడే తోలు పట్టీ మీద అటూ ఇటూ ఇరవై సార్లు లాగి, అప్పుడు సొరుగులో పెట్టాడు. పని చేసిన కత్తిని పదును పెట్టకుండా పడుకోబెట్టకూడదని ఆయన తండ్రి చెప్పిన మాట. తండ్రే ఆయనకు పని నేర్పాడు, ఆ తోలు పట్టీ కూడా తండ్రి ఇచ్చిందే. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆ మాట ఒక్కరోజు కూడా తప్పలేదు.

మంగళవారానికల్లా వేళ్ళ సందుల్లో ఎర్రగా చారలు లేచాయి. బుధవారానికి ఆ చారల మీద నీటి బుడగలు. మణికట్ల దాకా వాపు. కుర్చీలో కూర్చున్న కుర్రాడు అద్దంలో ఆ వేళ్ళను చూసి, "బాబాయ్, నాకు అర్జెంటు పనుంది, మళ్ళీ వస్తా" అని మెడలో గుడ్డతోనే లేచి వెళ్ళిపోయాడు. బాబాయికి తల కొట్టేసినట్టయింది. ఆ సాయంత్రమే సెలూన్ తలుపు మూశాడు.

"ముట్టుకున్న వెంటనే సబ్బుతో రుద్ది కడుక్కోవాల్సింది మావయ్యా. ఇప్పుడు ఈ ట్యూబు రాసుకో, రేపు డాక్టరుకి చూపించు" అంది మేనకోడలు.

"నీ ట్యూబు నీ దగ్గరే ఉంచుకో. ఆకు వల్ల వచ్చింది ఆకుతోనే పోతుంది. నా చేతులు నేనే బాగు చేసుకుంటాను."

"అయ్యింది. ఇక ఈయన్ని ఎవరూ కదపలేరు" అంది పిన్ని.

ఎందుకంత పట్టుదల అంటే, ఊరికే కాదు. ఆయన భయమంతా హెడ్మాస్టారి గురించి. హెడ్మాస్టారు రిటైరై చాలా ఏళ్ళయింది. కుడిచెయ్యి వణుకుతుంది, తన గడ్డం తాను చేసుకోలేరు. రోజూ పొద్దున్న ఎనిమిదింటికి వచ్చి, కుర్చీలో కూర్చుని, కళ్ళు మూసుకుని మెడ వెనక్కి వాల్చేస్తారు. ఊరంతా వాడి పారేసే బ్లేడ్లకు మారినా, తోలు మీద పదును పెట్టిన కత్తితో గడ్డం చేయించుకునేది ఇప్పుడు ఆయనొక్కరే. ఆ కత్తి కూడా ఆయన ఒక్కరి కోసమే విడిగా పెట్టెలో ఉంటుంది. "నా మెడ మీద కత్తి పెట్టే హక్కు నీ ఒక్కడికే ఇచ్చానోయ్" అని ఆయన ఒకసారి అన్నారు. దాన్ని బాబాయి ఎవరూ అడక్కపోయినా వందమందికి చెప్పుకున్నాడు. ఇప్పుడీ చేతుల్ని చూసి ఆయన కూడా 'అర్జెంటు పనుంది' అంటే? ఆ తలపు వస్తేనే బాబాయికి అన్నం దిగడం లేదు.

మొదటి మందు ఇంట్లోనే తయారైంది. ఎండిన బంతి రేకులు నూనెలో వేసి, ఆ గిన్నెను వేడినీళ్ళ గిన్నెలో పెట్టి, సన్నటి సెగ మీద రెండు గంటలు ఉంచారు. నూనె పసుపు తిరిగాక గుడ్డలో వడగట్టి, తేనెమైనం ముక్క వేసి కరిగించారు. చల్లారుతుండగా కలబంద గుజ్జు కలపాలి. బాబాయి వేళ్ళు వాచిపోయి వంగడం లేదు కాబట్టి కలబంద కోసే పని పిన్ని మీద పడింది. ఆమె కత్తి సంగతి చెప్పాలంటే, దానితో టమాటా కోయాలన్నా ముందు టమాటాను బతిమాలుకోవాలి.

"అది కోయడమా, నలపడమా? ఆకు ఉసురు తీస్తున్నావు. ఒక్కసారి ఇలా ఇవ్వు, పట్టీ మీద రెండు లాగులు లాగి తెస్తాను" అన్నాడు బాబాయి.

"నా కత్తి జోలికొస్తే ఊరుకోను. వేలు తెగితే మీరు వండి పెడతారా?" అంది పిన్ని. ఆ కత్తి విషయంలో మాత్రం పిన్ని ఆయనకంటే మొండిది.

మందు పనిచేసింది. చల్లటి నీళ్ళలో ఓట్స్ పిండి కలిపి అందులో చేతులు ముంచడం, తుడుచుకుని మందు పూయడం, రోజుకు నాలుగుసార్లు. నాలుగో రోజుకు దురద తగ్గింది, వారానికి బుడగలు ఎండాయి. బాబాయి ఆ చేతులు మేనకోడలికి చూపించడానికి పనిగట్టుకుని మందుల షాపుకు వెళ్ళాడు. "చూశావా? చూడు, బాగా చూడు" అని కౌంటరు మీద పరిచి పెట్టాడు. ఆమె నవ్వింది, మంచిదే మావయ్యా అంది.

సోమవారం సెలూన్ తెరిచాడు. హెడ్మాస్టారు ఎనిమిదింటికి వచ్చారు. "పదిరోజులకు పైగా నన్ను ఎలుగుబంటిని చేశావు కదోయ్" అని గడ్డం నిమురుకుంటూ కూర్చున్నారు. బాబాయి కత్తిని తోలు మీద లాగి, అలవాటు ప్రకారం ఎడమ అరచేతి అంచు మీద ఒకసారి తుడిచి, పని మొదలుపెట్టాడు. ఆ రోజు ఆయన ఈల వేశాడని పక్కనున్న వాచీల షాపు ఆయన చెప్పాడు.

సీసాలో మందు అడుగంటితే ఈసారి తనే చేసుకున్నాడు, సెలూన్ వెనక గదిలో. కలబందను సొరుగులోని పాత గడ్డం కత్తితో కోశాడు. ముందుగా దాన్ని పట్టీ మీద లాగాడు కూడా. గాజు ముక్కల్లా జారిపడ్డాయి ముక్కలు. ఒక ముక్కను ఇంటికి తీసుకెళ్ళి మరీ పిన్నికి చూపించి, "కోయడమంటే ఇదీ" అన్నాడు.

బుధవారం వేళ్ళ సందుల్లో మళ్ళీ ఎరుపు. ఎడమ అరచేతి అంచున కొత్తగా ఒక వరస బుడగలు.

ఓరి దేవుడో! బాబాయి అరచేతిని కిటికీ వెలుతురులో పెట్టి చాలాసేపు చూశాడు. బంతి రేకులు పాతవై ఉంటాయి అనుకున్నాడు. వాటిని తీసేసి, అదే కత్తితో కోసిన కలబందలో పుదీనా రసం కలిపి మూడో మందు చేశాడు. అది రాస్తే చల్లగా ఉండేది, మర్నాటికి మండేది. మంట అంటే మందు లోపలికి వెళ్ళి పనిచేస్తోందని తనకు తానే సర్ది చెప్పుకుని, ఇంకాస్త మందంగా పూసుకున్నాడు. ఇంట్లో పిన్ని చేసిన పాత మందు సీసా అడుగున మిగిలే ఉంది. దాని మొహం చూడలేదు. తను చేసింది తప్పయితే కదా, పాతదాని దగ్గరికి వెళ్ళడానికి!

చేతులు దాచుకోవడానికి పల్చటి రబ్బరు గ్లౌజులు తొడుక్కున్నాడు. హెడ్మాస్టారు కళ్ళు తెరిచి ఆ గ్లౌజుల్ని చూశారు, మళ్ళీ మూసుకున్నారు. గ్లౌజుల్లోంచి వెంట్రుక వాలు తెలియదు, చర్మం బిగువు తెలియదు. బాబాయికి గోడకు సున్నం వేస్తున్నట్టే ఉంది. రెండుసార్లు కత్తి ఆపి, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ మొదలుపెట్టాడు.

శుక్రవారం హెడ్మాస్టారు వచ్చి కూర్చుని, చొక్కా కాలరు కిందికి లాగారు. "ఇదేమిటో చూడవోయ్, రెండు రోజుల నుంచి ఒకటే దురద" అన్నారు. దవడ కింద, చెవి నుంచి గొంతు దాకా, ఎర్రటి చార. కత్తి నడిచిన దారిలోనే ఉంది.

అది చూసి బాబాయి చేసిన పనేమిటో తెలుసా? ఆ మూడో మందు సీసా తెచ్చి, రెండు చేతులతో ఆయన చేతిలో పెట్టాడు. "నేను చేసిందే మాస్టారూ. చల్లగా ఉంటుంది. మూడు పూటలా రాయండి" అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు, అదే బాధ.

ఆదివారానికి హెడ్మాస్టారి మెడ వాచింది. ఎనిమిదింటికి ఆయన రాలేదు. ఆయన కోడలు వచ్చి గుమ్మంలోనే నిలబడి, "మావయ్యగారు కొన్నాళ్ళు రారండీ. డాక్టరు ఏ కత్తీ తగలనివ్వద్దన్నారు" అని చెప్పి వెళ్ళిపోయింది.

బాబాయి సెలూన్ మూసి, నేరుగా మందుల షాపుకు నడిచాడు. ఈసారి చేతులు కౌంటరు మీద పెట్టలేదు, జేబుల్లో పెట్టుకున్నాడు.

"నా చేతుల నుంచి ఆయనకి అంటుకుందా? నిజం చెప్పు."

మేనకోడలు ఆయన మొహం చూసి వేళాకోళం మానేసింది. "లేదు మావయ్యా. బుడగల్లో నీరు అంటుకోదు. అంటుకునేది ఆ తీగ జిగురొక్కటే. పైగా నువ్వు గ్లౌజులు వేసుకున్నావు కదా."

"తీగ పీకి మూడు వారాలైంది. ఇప్పుడు జిగురెక్కడిది?"

"అది నూనె లాంటిది. నెలల తరబడి ఉంటుంది. బూటు లేసుల మీద, తోట కత్తెర మీద, దేని మీదైనా. ఆ రోజు తీగని దేనితో కోశావు?"

బాబాయి కళ్ళ ముందు పాత కత్తి తోలు పట్టీ మీద అటూ ఇటూ ఇరవై సార్లు కదిలింది. ఆ తర్వాత అదే పట్టీ మీద హెడ్మాస్టారి కత్తి. అదే కత్తిని తన అరచేతి అంచు మీద తుడవడం. అదే పాత కత్తితో కలబంద కోయడం. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఏ పనిని చూసుకుని గర్వపడ్డాడో, ఆ పనే రోజూ పొద్దున్న తన చేతికీ, తనను నమ్మిన పెద్దాయన మెడకూ విషం పూసింది. మందుల షాపులో స్టూలు మీద కూర్చుండిపోయాడు.

వేరేవాళ్ళయితే అన్నీ పారేసి చేతులు దులుపుకునేవారు. పిన్ని కూడా అదే చెప్పింది. "ఆ పట్టీ, ఆ సీసాలు అన్నీ చెత్తలో పడేయండి. మాస్టారికి ఓ మాట క్షమించమని చెప్పండి. అయిపోతుంది."

"ఏం చెప్పాలే? పట్టీ వల్ల అయ్యుంటుందని అనుకుంటున్నాను మాస్టారూ అని చెప్పనా? మొన్న మందు బాగుంటుందని అనుకునే కదా ఇచ్చాను! ఇక అనుకోవడాలు లేవు. తెలుసుకునే వెళ్తాను."

కుడిచేతి లోపలి వైపు, ఇంకా దద్దు పట్టని చోట, బాల్‌పెన్నుతో మూడు సున్నాలు చుట్టాడు. మొదటి దానిలో తోలు పట్టీ ముక్క కోసి రుద్దాడు. రెండో దానిలో పుదీనా వేసిన మూడో మందు. మూడో దానిలో పిన్ని చేసిన మొదటి మందు అడుగు. పక్కపక్కనే అయితే ఒకటి ఇంకోదానికి తగులుతుందని మధ్యలో నాలుగేసి వేళ్ళ దూరం కొలిచి మరీ పెట్టాడు.

"బుద్ధి లేదా మీకు! ఉన్న దురద చాలక కొత్తది కొని తెచ్చుకుంటున్నారా?" పిన్ని గొంతు వీధి మలుపు దాకా వినిపించింది. ఆ తర్వాత వంటగదిలోకి వెళ్ళి ఏడ్చింది. బాబాయికి ఆ ఏడుపు వినిపించింది, లేచి వెళ్ళి పక్కన నిలబడ్డాడు, చెయ్యి మాత్రం ఆమెకు తగలకుండా ఎత్తి పట్టుకున్నాడు. అలా పట్టుకున్న చెయ్యిని చూసి ఆమెకు ఏడుపులోనే నవ్వొచ్చింది.

రెండు రోజులు కాదు, మూడు రోజులు ఆగాడు. సెలూన్ తెరవలేదు. మూడో రోజు చొక్కా చెయ్యి మడిచి, భార్యాభర్తలిద్దరూ కిటికీ దగ్గర నిలబడి చూశారు. మొదటి సున్నా నిండా బుడగలు. రెండోది ఎర్రగా ఉబ్బింది. మూడోది శుభ్రంగా, అప్పుడే గీసినట్టు ఉంది.

"అయితే నా మొద్దు కత్తే గెలిచిందన్నమాట" అంది పిన్ని.

"గెలిచింది. నలిపినా నువ్వే సరిగ్గా కోశావు" అన్నాడు బాబాయి. పెళ్ళయ్యాక ఆయన నోటి నుంచి ఆ మాట రావడం అదే మొదటిసారని పిన్ని తర్వాత లెక్క తేల్చింది.

మడిచిన చొక్కా చెయ్యి దించకుండానే హెడ్మాస్టారి ఇంటికి వెళ్ళాడు. ఆయన వరండాలో కుర్చీలో ఉన్నారు. మెడకు తడిగుడ్డ, మొహం నిండా తెల్ల గడ్డం. బాబాయి కూర్చోలేదు. మొదటి నుంచి చివరి దాకా, ఒక్క మాట దాచకుండా చెప్పాడు. మేనకోడలు వద్దన్నది, తను విననిది, కత్తి, పట్టీ, కలబంద, సీసా. "తప్పు నాది మాస్టారూ. తీగది కాదు. నా చేత్తో మీకు విషం రాశాను. ఆ పైన మందని చెప్పి మళ్ళీ రాయమన్నాను."

హెడ్మాస్టారి మొహంలో కోపం ఉంది, దాన్ని దాచుకోలేదు కూడా. "మూడు రాత్రులు నిద్ర లేదోయ్ నాకు" అన్నారు.

"తెలుసండీ."

"ఆ చెయ్యేమిటి?"

బాబాయి చెయ్యి చాపాడు. మూడు సున్నాల గురించి చెప్పాడు. హెడ్మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని, చిన్నపిల్లల నోటుపుస్తకం దిద్దుతున్నట్టు ఒక్కో సున్నానూ చూశారు. తర్వాత కళ్ళజోడు తీసి, "వెళ్ళిరా" అన్నారు. మళ్ళీ వస్తానని గానీ, రానని గానీ అనలేదు.

బాబాయికి ఏడుపొచ్చినంత పనయింది. ఏడిస్తే పని జరుగుతుందా? మర్నాడు పొద్దున్నే గ్లౌజులు తొడుక్కుని సెలూన్‌లోకి దిగాడు. పాత కత్తిని, తండ్రి ఇచ్చిన పట్టీని రెండు సంచుల్లో కట్టాడు. తగలబెడదామనుకున్నాడు గానీ, పొగ ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకా ప్రమాదమని మేనకోడలు గట్టిగా చెప్పింది. ఈసారి విన్నాడు. సంచుల మూతులు గట్టిగా కట్టి చెత్త బండిలో వేశాడు. బండి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాడు. తండ్రి గుర్తుగా మిగిలింది అదొక్కటే మరి.

ఆ తర్వాత కుర్చీ చేతులు, సొరుగు పిడులు, తలుపు గడియ, కుళాయి, హెడ్మాస్టారి కత్తి, దాని పెట్టె, అన్నీ గిన్నెల సబ్బుతో రుద్ది, కడిగి, స్పిరిట్‌తో తుడిచాడు. ఒక్కసారి కాదు, మూడు రోజులు, మూడుసార్లు. బెల్టులు కుట్టే ఆయన దగ్గర కొత్త తోలు కోయించి తెచ్చి వేలాడదీశాడు. దాన్నీ ముందు తన చేతి మీదే రుద్ది, రెండు రోజులు చూశాడు.

కొత్త మందు ఇంట్లోనే చేశారు. బంతి రేకుల నూనె, తేనెమైనం, కలబంద. కలబంద పిన్నే కోసింది, తన కత్తితోనే. బాబాయి పక్కన నిలబడి చూశాడు, పదును మాట ఎత్తలేదు. చల్లారాక సీసా మీద కాగితం అంటించి, ఏమేమి వేశారో, ఏ కత్తితో కోశారో, ఎవరి చేతి మీద ఎన్ని రోజులు చూశారో అన్నీ రాశాడు. అడుగున 'డాక్టరుగారిని అడిగి, ఆయన సరేనంటేనే వాడండి' అని రాసి, కింద గీత గీశాడు. ఆ సీసాను మేనకోడలితో హెడ్మాస్టారి ఇంటికి పంపాడు. తను వెళ్ళలేదు, మొహమాటపెట్టినట్టు అవుతుందని.

సెలూన్ తెరిచిన రోజు పొద్దున్న ఎనిమిదైంది. ఎవరూ రాలేదు. మర్నాడు ఎనిమిదైంది. రాలేదు. వారం గడిచింది. రోజూ ఎనిమిదింటికి బాబాయి కుర్చీ తుడిచి, ఉతికిన గుడ్డ దాని చేతి మీద వేసి, పది నిమిషాలు ఆగి, మళ్ళీ తీసేవాడు. పిన్ని ఒకసారి, "ఇంక ఆశ వదులుకోండి" అనబోయి, ఆయన మొహం చూసి ఊరుకుంది.

పదకొండో రోజున హెడ్మాస్టారు వచ్చారు. గడ్డం గుండెల దాకా కాకపోయినా చెంపలు కనపడనంతగా పెరిగింది. దవడ కింద చార మాయమైంది. ఆయన కుర్చీలో కూర్చుని, గోడకు వేలాడుతున్న కొత్త తోలును చూశారు.

"సీసా మీద అంత కథ రాశావు, నీ మేనకోడలు చదివి వినిపించేసరికి నా కాఫీ చల్లారిపోయింది" అన్నారు. "డాక్టరు రాసుకోమన్నాడు. దురద తగ్గింది."

"మంచిదండీ" అన్నాడు బాబాయి. వెనక్కి తిరిగి గ్లౌజుల డబ్బా తెరిచి, ఒక జత తొడుక్కోబోయాడు.

"అవి ఎందుకు?"

"మీకు నమ్మకం కోసమండీ. చేతులు తగ్గిపోయాయి గానీ..."

"తీసెయ్. వాటితో గీస్తుంటే ఎవరో పరాయివాడు నా మెడ పట్టుకున్నట్టుంటుంది. నీ చెయ్యి నాకు తెలియాలోయ్."

బాబాయి గ్లౌజులు తీసేశాడు. చేతులు సబ్బుతో మోచేతుల దాకా కడిగాడు. వేళ్ళ మీద పాత చర్మం ఊడి లేత చర్మం వచ్చింది, ఇంకా గులాబి రంగులో ఉంది. కత్తిని కొత్త తోలు మీద లాగి, అలవాటుగా అరచేతి దాకా తెచ్చి ఆపేసి, ఉతికిన గుడ్డతో తుడిచాడు. హెడ్మాస్టారు అద్దంలో అది చూశారు. చూసి, కళ్ళు మూసుకుని, మెడ వెనక్కి వాల్చేశారు.